లాస్ పిన్యాస్‌లో వెదురు ఆర్గాన్

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా వెళ్లినవాళ్లు ఇంట్రామురోస్ కోట చూస్తారు, సముద్రం ఒడ్డున సూర్యాస్తమయం చూస్తారు, షాపింగ్ చేసుకుని వచ్చేస్తారు. నగరానికి దక్షిణాన ఉన్న లాస్ పిన్యాస్‌కు వెళ్లేవాళ్లు తక్కువే. మా తమ్ముడి కూతురు అక్కడ మెడిసిన్ చదువుతోంది కాబట్టి నాకు ఆ ఊరు తెలిసింది. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు.

"పెద్దనాన్నా, ఇక్కడి చర్చిలో వెదురుతో చేసిన ఆర్గాన్ ఉందట. రోజూ దాని ముందు నుంచే వెళ్తాను గానీ ఎప్పుడూ లోపలికి పోలేదు" అంది. సరే పద అన్నాను. ఆర్గాన్ అంటే మీటలు నొక్కితే గొట్టాల్లోకి గాలి వెళ్లి మోగే పెద్ద వాయిద్యం. జీప్నీ (అక్కడి షేర్ బండి) ఎక్కి సెయింట్ జోసెఫ్ చర్చి దగ్గర దిగాం. ఆ రోడ్డుకి పాద్రే డియెగో సెరా పేరు పెట్టుకున్నారు. స్పెయిన్ నుంచి వచ్చిన ఆ ఫాదర్ 1795లో ఈ ఊరి చర్చి బాధ్యత తీసుకున్నారు. చర్చి కట్టించిందీ ఆయనే, ఆర్గాన్ చేసిందీ ఆయనే.

వెనకవైపు మేడ మీద ఉంది ఆర్గాన్. మొత్తం 1031 గొట్టాలు, అందులో 902 వెదురువే. నాకు వెదురంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం, అందుకే ఆ గొట్టాల దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. కణుపుల గుర్తులు అలాగే ఉన్నాయి, లోపలి అడ్డుపొరలు మాత్రం తీసేశారు. ప్రతి గొట్టానికీ అడుగున సన్నటి సందు, దానిపైన అడ్డంగా కోసిన నోరు. కింది నుంచి వచ్చిన గాలి ఆ అంచుకి తగిలి రెండుగా చీలుతుంది, స్వరం పుడుతుంది. మన పిల్లనగ్రోవిలో జరిగేదీ ఇదే. కాకపోతే అక్కడ ఒక్క వెదురులో వేళ్లతో అన్ని స్వరాలూ పలికిస్తాం, ఇక్కడ ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం.

1816లో నరికిన వెదురును ఫాదర్ సెరా సముద్రపు ఇసుకలో పాతిపెట్టించారట. నెలల తర్వాత తవ్వి తీస్తే పురుగు పట్టకుండా మిగిలినవాటినే పనికి తీసుకున్నారు. మన పల్లెల్లో వెదురు బొంగుల్ని చెరువులో నానబెట్టేది కూడా పుచ్చు పట్టకూడదనే కదా. ట్రంపెట్ (బాకా) లాంటి స్వరాలు మాత్రం వెదురులో సరిగ్గా కుదరక ఆ గొట్టాలను లోహంతో చేశారు. 1824కి పని పూర్తయింది.

పిట్టల కూత కోసం ప్రత్యేకంగా ఒక ఏర్పాటు కూడా ఉంది. చిన్న గొట్టాల కొసలు నీళ్లలో మునిగి ఉంటాయి, గాలి వదలగానే కువకువలాడతాయి. గైడ్ అది వాయించగానే మా అమ్మాయి "పెద్దనాన్నా, మళ్లీ వాయించమను!" అని నా చెయ్యి పట్టుకుంది.

తర్వాతి కాలంలో భూకంపాలూ తుఫానులూ ఆ చర్చిని వదల్లేదు. కప్పు దెబ్బతింది, ఆర్గాన్ ఏళ్ల తరబడి మూగబోయింది. చివరికి 1973లో దాన్ని విప్పి ఓడలో జర్మనీలోని బాన్ నగరానికి, ఆర్గాన్లు తయారుచేసే క్లైస్ కంపెనీకి పంపారు. నాకు బాగా నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. ఉక్కపోతలో పుట్టిపెరిగిన వెదురు జర్మనీ చలికి, పొడి గాలికి పగిలిపోతుందని అక్కడ ఒక గదిలో ఫిలిప్పీన్స్ వాతావరణాన్నే సృష్టించి, అందులో పెట్టి బాగుచేశారు. పాతది పారేసి కొత్త గొట్టాలు బిగిస్తే పని సులువుగా అయిపోయేది. అలా చేయకుండా వీలైనంత పాత వెదురునే నిలబెట్టారు. ఈలోగా ఇక్కడ ఊళ్లో చర్చిని బాగుచేసుకున్నారు. 1975లో ఆర్గాన్ తిరిగొచ్చింది.

అయితే ఒకసారి రిపేరు చేస్తే సరిపోదు. వేడి పెరిగితే మామూలు గొట్టాల శ్రుతి పైకి పోతుంది. రీడ్ (గాలికి కంపించే సన్నటి రేకు) ఉన్న ట్రంపెట్ గొట్టాల శ్రుతి అంతగా మారదు. రెండూ కలిపి వాయిస్తే అపశ్రుతే. అప్పుడు రీడ్‌కి ఆనుకుని ఉన్న తీగను కొద్దిగా పైకో కిందికో తట్టి సరిచేయాలి. తిత్తుల్లో గాలి ఎక్కడా లీకవకూడదు, గొట్టాల నోళ్లలో దుమ్ము చేరకూడదు. దీనికోసం ప్రతిసారీ జర్మనీ నుంచి మనుషుల్ని రప్పించలేరు కదా. అందుకే యూరప్‌లో ఈ పని నేర్చుకొచ్చిన ఇద్దరు ఫిలిప్పీనోలు 1994లో ఇదే ఊళ్లో వర్క్‌షాప్ పెట్టారు. దానికి డియెగో సెరా పేరే పెట్టారు. ఆ తర్వాత ఈ ఆర్గాన్ మరమ్మతులు వాళ్లే చూసుకున్నారు, దేశంలోని ఇతర పాత ఆర్గాన్లనూ బతికిస్తున్నారు. జర్మనీలో జరిగిన పని ఎంత గొప్పదైనా, నా లెక్కలో దానికన్నా ఇదే పెద్ద విషయం. వాయిద్యం ఉన్న ఊళ్లోనే దాన్ని విప్పి బిగించగల చేతులు ఉండాలి.

2003లో ప్రభుత్వం దీన్ని జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. 1976లో మొదలైన వెదురు ఆర్గాన్ ఉత్సవం ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది, వేరే దేశాల నుంచి కూడా వాయించేవాళ్లు వస్తారు. మనీలా ప్రయాణం పెట్టుకునేవాళ్లు వీలైతే ఆ రోజులే చూసుకోండి. కుదరకపోతే ఆర్గాన్ వాయించే ప్రార్థన ఏ వేళకు ఉందో ముందే కనుక్కుని వెళ్లండి.