రోహిణి కార్తెలో ఒక రోజు: తాగే చక్కెర లెక్క

మంగళవారం. పొద్దున తొమ్మిదికే వడగాలి మొదలైంది.

ఈ రోజుల్లో ఏం తిన్నారని అడిగితే ఎవరైనా ఠక్కున చెప్పేస్తారు: మూడు ఇడ్లీలు, కప్పు అన్నం, రాత్రికి పుల్కాలు. ఏం తాగారంటే మాత్రం "ఏముంది, టీయే" అంటారు. షుగరు లెక్క తప్పేది ఎక్కువగా ఆ "ఏముంది" దగ్గరే.

చిన్న కప్పు టీలో రెండు చెంచాల పంచదార అంటే 8 నుంచి 10 గ్రాములు. నాలుగు టీలు తాగితే 32 నుంచి 40. పైనుంచి కలిపే పంచదార, తేనె, పళ్లరసాల్లోని చక్కెర అన్నీ కలిపి రోజు మొత్తం కెలోరీల్లో 10 శాతం దాటొద్దనీ, 5 శాతం లోపైతే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 2000 కెలోరీలు తినే మనిషికి అది 50 గ్రాములు, 25 గ్రాములు. ఒక్క మిఠాయి ముట్టకుండానే టీ కొట్టు దగ్గర ఆ కోటాలో చాలా భాగం అయిపోతుంది. ఈ మధ్య వీధివీధినా బెల్లం టీ బోర్డులు వెలిశాయి. రుచి కోసమైతే తాగండి, అభ్యంతరం లేదు. షుగరుకు మంచిదని మాత్రం తాగొద్దు. బెల్లంలోనూ ఉన్నది చాలావరకు చక్కెరే, రక్తంలో అది చేసే పనీ అదే.

మధ్యాహ్నానికి చెరకు రసం బండి చుట్టూ జనం. ఐసు లేకుండా 250 మి.లీ. గ్లాసులో 30 గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది. మామూలు కూల్‌డ్రింకుల్లో చాలావాటికి 100 మి.లీ.కి 10, 11 గ్రాములు. లేబుల్ మీద ఆ 100 మి.లీ. అంకె ఒక్కటే చూసి వదిలేయకూడదు. 250 మి.లీ. చిన్న బాటిలైతే రెండున్నరతో, 750 మి.లీ. బాటిలైతే ఏడున్నరతో గుణించాలి. బిర్యానీ మీద కూల్‌డ్రింకు తాగితే అరుగుతుందంటారు. త్రేన్పు రావడం వేరు, అరగడం వేరు. అన్నం పిండిపదార్థానికి ఈ చక్కెర అదనంగా చేరుతుందే తప్ప తగ్గించేదేమీ లేదు.

అదే చక్కెర తాగితే ఎందుకు ఎక్కువ చెరుపు? నమలాల్సిన పని లేదు, పీచు లేదు. ద్రవం కడుపులోంచి త్వరగా చిన్నపేగులోకి దిగిపోతుంది. పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజు నేరుగా రక్తంలోకి వచ్చి అరగంట, ముప్పావుగంటకల్లా పైకెక్కుతుంది. దాన్ని దించడానికి క్లోమం ఒక్కసారిగా ఇన్సులిన్ వదలాలి. ఇంత తాగినా కడుపు నిండినట్టుండదు, తర్వాతి భోజనం పెద్దగా తగ్గదు.

ఫ్రక్టోజు సంగతి ఇంకా మోసం. అది గ్లూకోమీటరులో కనిపించదు. చాలావరకు కాలేయానికే వెళ్తుంది. రోజూ ఎక్కువైతే కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు, యూరిక్ యాసిడ్ పెరుగుతాయి. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు, రాత్రంతా గ్లూకోజును రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. "రాత్రి ఏమీ తినలేదు కదా, పరగడుపున 130 ఎలా వచ్చింది?" అని తికమకపడేవాళ్లలో చాలామందికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. తాగిన రెండు గంటలకు మీటరులో 140 లోపు వచ్చినంత మాత్రాన అంతా బాగుందని కాదు. నడుము చుట్టుకొలత, ట్రైగ్లిజరైడ్లు, రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష కూడా చూడాలి. హెచ్‌బిఎ1సి 5.7 నుంచి 6.4 శాతం వరకు ఉంటే షుగరు గుమ్మంలో ఉన్నట్టు, 6.5 నుంచి షుగరే.

మీటరు గురించి ఇంకో మాట. పండు కోసిన చేత్తోనో, కూల్‌డ్రింకు ఒలికిన వేలితోనో పరీక్ష చేస్తే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ముందు సబ్బుతో కడుక్కుని, తడి ఆరాక సూది గుచ్చాలి.

సాయంత్రం దాహానికి ఉప్పేసిన పల్చటి మజ్జిగను మించింది లేదు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించుకోవాలి. కొబ్బరిబొండం చెరకు రసం కంటే చాలా నయం, చక్కెర దానికంటే బాగా తక్కువ. కానీ పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా తాగకూడదు.

వాంతులు, విరేచనాలైన పిల్లలకు తియ్యటి టెట్రా ప్యాకులు పట్టడం అసలు ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను భర్తీ చేసే ఓఆర్ఎస్ ద్రావణం లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే. చక్కెర అంతకు బాగా మించితే పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడాక, సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. పొడి ప్యాకెట్ కొని, దాని మీద రాసిన కొలతకే నీళ్లు పోయాలి.

టీలో పంచదార ఒక్కసారిగా మానేస్తే చాలామంది వారం తిరక్కుండానే మళ్లీ మొదలుపెడతారు. వారానికి అరచెంచా చొప్పున తగ్గిస్తే నాలుక సర్దుకుంటుంది.

తీపి ద్రవం మందయ్యే సమయం ఒకటుంది. షుగరు 70 కంటే దిగి చెమటలు, వణుకు వస్తే 15 గ్రాముల చక్కెర కావాలి. 150 మి.లీ. మామూలు కూల్‌డ్రింకు చాలు. డయట్‌ది పనికిరాదు. వోగ్లిబోస్, అకార్బోస్ అనే షుగరు మాత్రలు వాడేవాళ్లకు పంచదార నీళ్లు, కూల్‌డ్రింకు వెంటనే పనిచేయవు, ఎందుకంటే పంచదారను విడగొట్టే ఎంజైమునే ఆ మాత్రలు అడ్డుకుంటాయి. వాళ్ల దగ్గర గ్లూకోజు పొడే ఉండాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏదీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహలో ఉన్నవాళ్లకు తాగాక 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేసి, ఇంకా 70 లోపే ఉంటే మరో 15 గ్రాములు. తేరుకున్నాక భోజనానికి ఇంకా టైముంటే రెండు బిస్కెట్లో, చిన్న అరటిపండో తినాలి.