కళింగపట్నంలో సూరీడి పక్క ఆకాశం

సంక్రాంతికి శ్రీకాకుళం మావయ్యా వాళ్ళింటికి వెళ్తే నాలుగు రోజులు తిని పడుకోవచ్చు అనుకున్నా, భోగి ముందు రోజు ఆరింటికే బావ లేపేశాడు. వాతావరణం మీద పీహెచ్‌డీ చేస్తున్నాడులెండి. చేతిలో లోపలంతా నల్లరంగు పూసిన పీవీసీ పైపు, దాని అడుగున వెలుగుని కొలిచే ఫోటోడయోడ్, ఒక ట్రైపాడ్, స్కూల్ పిల్లల ప్రొట్రాక్టర్. "పదరా, కళింగపట్నం పోయి గాల్లో దుమ్ము కొలుద్దాం."

ముందు అరసవల్లి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాం, ఆరోజంతా ఆయనతోనే పని కదా మరి. తర్వాత బండి మీద గార వైపు, చలికి చేతులు కొయ్యబారిపోయాయి.

బీచ్‌లో దిగగానే బావ నన్ను లైట్‌హౌస్ నీడలో నిలబెట్టి, సూర్యుడు దాని వెనక పూర్తిగా దాక్కున్నాక అంచు పక్కన ఆకాశం చూడమన్నాడు. నీలంగా లేదు, పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. గాలి అణువులు వెలుగుని అన్ని వైపులకీ చల్లుతాయి, నీలం ఎక్కువ చల్లుతాయి, అందుకే ఆకాశం నీలం. ఉప్పు, పొగ, దుమ్ము లాంటి కణాలు మాత్రం వెలుగుని ఎక్కువగా ముందుకే నెడతాయి, కణం పెద్దదైతే ఇంకా ఎక్కువ, అందుకని సూర్యుడి చుట్టూనే ఆ తెలుపు పోగవుతుంది. సూర్యుడి నుంచి పక్కకి జరిగేకొద్దీ ఆ తెలుపు ఎంత గబగబా తగ్గిందో చూస్తే కణాల సైజు తెలుస్తుందట. నేనైతే ఇన్నాళ్ళూ అదంతా ఎండే అనుకున్నా!

తొమ్మిది అవుతుండగా సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకొచ్చాడు, పని మొదలైంది. పైపుని అదే ఎత్తులో ఉంచి ఎడమకి కొంచెం కొంచెం తిప్పుతూ వాడు రీడింగ్ చెప్తాడు, నేను రాస్తా, మళ్ళీ కుడికి. ఇంత పొద్దున్నే ఎందుకంటే సూర్యుడు కిందున్నప్పుడే సూర్యుడి నుంచి పక్కకి ఎక్కువ కోణాలు దొరుకుతాయి, 30 డిగ్రీల దగ్గర 120 డిగ్రీల దాకా, నడినెత్తికొస్తే ఏమీ మిగలదు. గాల్లో కణాల్ని కొలిచే నాసా వాళ్ళ ఏరోనెట్ స్టేషన్లలో ఫ్రాన్స్ సిమెల్ కంపెనీ మెషీన్ ఈ పనంతా తనే తిరుగుతూ చేసేస్తుంది, పైగా సూర్యుణ్ణి నేరుగా చూసి ఎంత వెలుగు దారిలో పోయిందో కూడా లెక్కేస్తుంది. ఆ లెక్క (ఆప్టికల్ డెప్త్ అంటారు, శాతం కాదు) 0.5 వచ్చిందంటే సూర్యుడు నెత్తి మీదున్నా కూడా నేరుగా రావాల్సిన వెలుగులో 39 శాతం ఆ కణాల దగ్గరే పోయినట్టు. ఆ మెషీన్ గొట్టాల్లో సాలీళ్ళు గూళ్ళు కట్టేస్తుంటాయట, అప్పుడప్పుడు మనిషి వెళ్ళి దులపాల్సిందే. అంత ఖరీదైన దానికీ బూజు తప్పలేదన్నమాట.

వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి "ఏటి బాబూ, సర్వేకొచ్చినారేటి? జెట్టీ కడతారేటి?" అన్నారు. బావ గాల్లో దుమ్ము సంగతంతా చెప్తే, "దుమ్మేటి బాబూ, అది సముద్రం ఉప్పు, మా సైకిళ్ళన్నీ దాన్తోనే తుప్పట్టిపోనాయి" అనేసి వెళ్ళిపోయారు. బావ నవ్వాడు గానీ, ఆయన చెప్పింది సగం కరెక్టే అన్నాడు, మిగతా సగం చలికాలంలో గంగా మైదానం నుంచి బంగాళాఖాతం మీదకి దిగే పొగ.

తీరా రాసినవి చూస్తే ఎడమ వైపు అంకెలకీ కుడి వైపు అంకెలకీ పొంతన లేదు! ఆకాశం శుభ్రంగా ఉంటే రెండూ సరిపోవాలి. నేను తప్పు రాశానని కాసేపు తిట్టాడు, తర్వాత చూస్తే సముద్రం వైపు దూదిపోగులాంటి పల్చటి మబ్బు, అంతవరకూ మా కంటికి ఆనలేదు గానీ పైపుకి ఆనింది. దానికి తోడు పైపు మూతి అద్దం మీద ఉప్పు తుంపర. మొత్తం రెండు గంటల పని కొట్టేశాడు. మార్చిలో అరసవల్లి స్వామి పాదాల మీద కిరణాలు పడతాయని చీకటితో వెళ్ళి, మబ్బు పట్టి వెనక్కొచ్చేవాళ్ళ మొహం ఎలా ఉంటుందో వాడి మొహం అలాగే ఉంది. శాలిహుండం కొండెక్కి వంశధార చూసేదాకా మాట్లాడలేదు.

మర్నాడు భోగి. వీధంతా మంటలు, తొమ్మిదింటికి మేడ మీద మళ్ళీ అదే పైపు. ఈసారి ఎడమ, కుడి దాదాపు కలిశాయి. బావ కేక విని అత్త కింద నుంచి "గారెలు చల్లారిపోతన్నాయిరా" అని అరుస్తోంది, వాడు ఇంకొక్క రౌండ్ అంటూ పైపు తిప్పుతున్నాడు.