డిస్క్ నొప్పికి ఆపరేషన్ కాకుండా ఏం చేయించుకోవాలి? నా అనుభవం

ఎంఆర్ఐ రిపోర్టులో 'ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్, ఎడమ నరం మీద ఒత్తిడి' అని, అంటే నడుం ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండు ఉబ్బి ఎడమకాలి నరాన్ని నొక్కుతోందని ఉందని తెలియగానే మా ఇంట్లో అందరూ డాక్టర్లయిపోయారు. అత్తయ్యగారు పుత్తూరు వెళ్దామన్నారు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకే గానీ డిస్క్‌కి కాదని ఆవిడకు నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆడపడుచు ఆయుర్వేదం అంది. స్టాఫ్ రూమ్‌లో లెక్కల మాస్టారు, "ఒక్క ఇంజెక్షన్ చేయించుకోండి మేడమ్, పోతుంది" అన్నారు. నేనేమో పిరుదు నుంచి పిక్క మీదుగా బొటనవేలి దాకా లాగే పోటుతో, బరువంతా కుడికాలి మీద వేసి పాఠాలు చెబుతున్నాను.

ఎముకల డాక్టర్ గారు ఫిల్ము తర్వాత చూస్తానని ముందు నన్ను మడమల మీద నడవమన్నారు. పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తారు. ఎడమ బొటనవేలిని ఆయన వేలితో కిందికి నొక్కుతూ పైకి లేపమన్నారు. మూత్రం పట్టు తప్పుతోందా, కూర్చునే చోట మొద్దుబారిందా అని కూడా అడిగారు. నడుం నొప్పికీ దానికీ ఏం సంబంధమా అనుకున్నాను. ఆ లక్షణాలు ఉన్నా, పాదం పైకి లేవక జారిపోతున్నా మందులతో కాలక్షేపం చేయకూడదట, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలట. "అవేమీ లేవు కాబట్టే మీకు ఎంచుకునే వీలుంది" అన్నారు.

ఇంకో మాట కూడా చెప్పారు. ఇలాంటి కాలి నొప్పి చాలామందికి 6 నుంచి 12 వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. బయటికి వచ్చిన డిస్క్ ముక్కను శరీరమే నెమ్మదిగా కరిగించుకోగలదు. ఏ నొప్పీ లేని నలభై ఏళ్ల వాళ్లకు స్కాన్ తీసినా దాదాపు సగం మందిలో బల్జ్ కనిపిస్తుందట. ఇది విన్నాక నా టెన్షన్ సగం తగ్గింది. ఇక తేల్చుకోవాల్సింది, ఆ వారాలు గడవడానికి దేన్ని పట్టుకోవాలన్నదే. అందుకే ఎవరి దగ్గరికెళ్లినా రెండే అడిగాను: ఇది లోపల చేసే పని ఏమిటి? పనిచేయట్లేదని ఎన్నాళ్లకు తేలుతుంది?

రెండో ప్రశ్న దగ్గరే చాలామంది రంగు బయటపడింది. ఒక క్లినిక్‌లో డీకంప్రెషన్ మిషన్ చూపించి, డిస్క్‌ని లోపలికి లాగేస్తుందన్నారు. ఇరవై సిట్టింగుల ప్యాకేజీ, డబ్బు ముందే కడితే డిస్కౌంటు. తగ్గకపోతే అంటే, "కొందరికి రెండో ప్యాకేజీ పడుతుంది మేడమ్" అంది కౌంటర్లో అమ్మాయి. పేరు కొత్తదే గానీ అది మోటారు పెట్టిన ట్రాక్షనే, అంటే నడుం సాగేలా లాగడమే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లోనే నడుం నొప్పికి, సయాటికాకి (నాకున్నలాంటి, కాలిలోకి లాగే నరం నొప్పికి) ట్రాక్షన్ గానీ బెల్టు గానీ ఇవ్వొద్దని చెప్పింది. డబ్బు కట్టకుండా వచ్చేశాను.

ఆయుర్వేదం డాక్టర్ గారు మాత్రం నిజాయితీగా మాట్లాడారు. దీన్ని గృధ్రసి అంటారనీ, కటి వస్తితో బిగుసుకున్న కండరాలు వదులై నిద్ర పడుతుందనీ, డిస్క్ సంగతి తాను చెప్పలేననీ అన్నారు. కొన్నిసార్లు చేయించుకున్నాను. బోర్లా పడుకోబెట్టి, నడుం మీద మినప్పిండితో గుండ్రంగా కట్ట కట్టి, అందులో గోరువెచ్చని నూనె పోస్తారు. చల్లారగానే దూదితో తీసేసి మళ్లీ వెచ్చనిది పోస్తారు. నాకు షుగర్ ఉంది కదా, వేడి తెలియకుండా చర్మం కాలుతుందేమోనని పోసే ముందు ప్రతిసారీ చూసుకునేవారు. ఆ రాత్రుళ్లు హాయిగా నిద్రపట్టింది. పిక్కలో పోటు మాత్రం ఎక్కడిదక్కడే.

నరం నొప్పికి డాక్టర్ గారు రాసిన ప్రీగాబాలిన్ బిళ్లలతో మొదటి పీరియడ్‌లోనే తూగేదాన్ని, స్కూటీ తీయాలంటే భయం. సయాటికాకి ఈ మందు ఉత్తుత్తి బిళ్ల కన్నా మెరుగ్గా పనిచేయలేదని ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన 2017లో వచ్చింది. డాక్టర్ గారిని అడిగితే ఆపేద్దామన్నారు. ఒక్కసారిగా కాకుండా డోసు తగ్గించుకుంటూ ఆపించారు.

ఇంజెక్షన్ గురించి ఎక్కువ ఆలోచించాను. ఎక్స్‌రేలో చూస్తూ నరం పక్కన స్టెరాయిడ్ ఇస్తారు. అది నరం చుట్టూ వాపు తగ్గిస్తుంది గానీ డిస్క్‌ని లోపలికి నెట్టదు. ఉపశమనం కొన్ని వారాలు ఉండొచ్చు. నిద్రలేక అల్లాడేవాళ్లకు ఆ కొన్ని వారాలే బంగారం. కానీ స్టెరాయిడ్‌తో కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, నాదేమో అప్పటికే అదుపులో లేదు. ముందు ఫిజియోథెరపీ చూసి, ఆరు వారాలకీ లొంగకపోతే ఇంజెక్షన్ అనుకున్నాం.

ఫిజియో అమ్మాయి మొదటిరోజు కరెంటూ పెట్టలేదు, వ్యాక్సూ (వేడి మైనం) వేయలేదు. బోర్లా పడుకుని, నడుం వదిలేసి, చేతులతో ఛాతీ మాత్రం పైకి లేపమంది. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీ పద్ధతి అట. లేపిన ప్రతిసారీ "నొప్పి ఇప్పుడెక్కడుంది?" అని అడిగేది. ఎంత ఉందని కాదు, ఎక్కడుందని. కొన్నాళ్లకు పిక్కలో పోటు మోకాలి పైకి వచ్చింది, తర్వాత పిరుదులోకి. నడుంలో మాత్రం ముందుకన్నా ఎక్కువైంది. నేను కంగారుపడితే తను నవ్వింది. "అదే కావాలి మేడమ్. కాలు ఖాళీ అవుతూ నడుంలోకి చేరుతోందంటే సరైన దారిలో ఉన్నట్టు. కిందికి దిగితే వెంటనే ఆపేసి నాకు చెప్పండి." మూడు వారాల్లో నొప్పి చోటు మారకపోతే పద్ధతి మార్చేద్దామని మొదట్లోనే చెప్పింది. నా రెండో ప్రశ్నకు సూటిగా వచ్చిన జవాబు అదొక్కటే. వెనక్కి వంగడం అందరికీ పడదట, కొందరికి అదే నొప్పి పెంచుతుందట, అందుకే యూట్యూబ్ చూసి మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్పింది.

నడక ఆపలేదు. పూర్తిగా మంచం మీద ఉండడం కన్నా ఓపికున్నంత తిరగడమే మేలన్నారు. గ్రైండర్ రాయి ఎత్తడం మావారి పనైంది. బెల్టు బస్సు ప్రయాణాలకు మాత్రమే పెట్టుకున్నాను, అదీ పక్కవాళ్లు చూసి సీటిస్తారని.

కాలి పోటు పోయింది. బొటనవేలి దగ్గర తిమ్మిరి ఇంకా కొంచెం ఉంది, అది నొప్పి కన్నా ఆలస్యంగా పోతుందట. ఫిజియో బిల్లులు ఇన్సూరెన్స్‌లో రాలేదు, ఆసుపత్రిలో చేరితేనే ఇస్తారట. నొప్పి మళ్లీ పిక్కలోకి దిగి వ్యాయామానికి లొంగకపోతే ఇంజెక్షన్ గురించి మాట్లాడుకుందామని డాక్టర్ గారు అన్నారు. ఆలోగా షుగర్ తగ్గించుకుని రమ్మన్నారు.