71 చీటీలు

ఈ రోజు తొమ్మిదో తరగతిలో చీటీలు పేర్చడంతోనే సగం పీరియడ్ అయిపోయింది. రాత్రి కూర్చుని రాసుకున్నవి, మొత్తం 71. ఒక్కో దాని మీద ఒక అంకె. 2015 మొదటి ఆరు నెలల్లో అమెరికాలోని ఫ్లింట్ ఊళ్లో కుళాయిల దగ్గర పట్టిన నీళ్లలో సీసం ఎంతుందో చెప్పే అంకెలు. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో ఆ ఊరికి నది నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ నీళ్లు పైపుల్ని తినేయకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు, దాంతో పైపుల్లోని సీసం నీళ్లలోకి దిగింది. సీసం ఒంటికి విషం. ముందుగా పిల్లలకి ఇంతే చెప్పాను.

అక్కడి రూలు ఇది: శాంపిళ్లన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చి, 90వ పర్సంటైల్ దగ్గర, అంటే వరసలో నూటికి తొంభై వంతులు పూర్తయ్యే చోట ఉన్న అంకె చూస్తారు. అది బిలియన్‌కి, అంటే వంద కోట్లకి, 15 పాళ్లు దాటితే నీళ్లిచ్చేవాళ్లు ఊరుకోవడానికి వీల్లేదు, చర్యలు తీసుకోవాలి. 71లో 90 శాతం 63.9, అంటే మనం చూడాల్సింది 64వ చీటీ. ఒకమ్మాయి ఒక్కో చీటీ మీదా వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఆగింది. 18.

"దాటింది టీచర్!"

అప్పుడు రెండు చీటీలు తీసేయమన్నాను. 104 ఉన్నదొకటి, 20 ఉన్నదొకటి. అక్కడి అధికారులు నిజంగా తీసేసినవి ఆ రెండే. మొదటిది ఫిల్టర్ పెట్టిన ఇల్లని, రెండోది అసలు ఇల్లే కాదని కారణాలు చెప్పారు. మిగిలినవి 69, అందులో 90 శాతం 62.1, కాబట్టి ఇప్పుడు 62వది చూడాలి. ఆ అమ్మాయి వేలు రెండు చీటీలు వెనక్కి జరిగింది. 15 లోపే. అధికారికంగా ఇచ్చిన నివేదికలో 11 అని ఉంది.

"మిగతా చీటీలేం మారలేదు కదా టీచర్, అవే నీళ్లు" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.

పర్సంటైల్ అంటే ఏమిటో ఇంతకాలం బోర్డు మీద గీతలు గీసి చెప్పాను. ఇంత తేటగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

తర్వాత పావుగంట వాదించుకున్నారు. ఇల్లు కానిదాన్ని తీసేయడం రూలు ప్రకారం సరైనదేనని కొందరు. వాళ్లని నేను ఆపలేదు, ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఇంకో అమ్మాయి, "ఫిల్టర్ ఉన్న ఇంట్లోనే 104 వస్తే, ఫిల్టర్ లేనివాళ్ల సంగతేంటి?" అంది. తీసేయాల్సింది కాదు, పరుగెత్తుకెళ్లి చూడాల్సిన ఇల్లు అది. నా మనసులో ఉన్న మాట ఆ పిల్ల నోట్లోంచి వచ్చింది. ఒక్కో కారణాన్నీ విడిగా చూస్తే సబబుగానే కనిపిస్తుంది. తీసినవి రెండూ 15 దాటినవే అన్నది మాత్రం చీటీలన్నీ ఒక్కచోట పేరిస్తేనే కనబడుతుంది.

1960ల్లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతివాళ్లని ఓటర్లుగా చేర్పించడానికి దెబ్బలు తిన్న బాబ్ మోజెస్, 1982లో పిల్లలకి ఆల్జీబ్రా నేర్పే పని మొదలుపెట్టాడు. లెక్కలు రావడం కూడా ఓటుహక్కు లాంటిదేనని ఆయన నమ్మకం. ఈ పాఠం సిద్ధం చేస్తున్నప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు.

చివరి పది నిమిషాలు మా సొంత పనికి మిగిలాయి. స్కూలు ముందు రోడ్డు దాటడానికి సిగ్నల్ ఇచ్చే సమయం చాలుతుందా అన్నది పిల్లలు ఎంచుకున్న ప్రశ్న. రోడ్డు వెడల్పు 18 మీటర్లు, సిగ్నల్ 15 సెకన్లు. అంటే సెకనుకి 1.2 మీటర్లు నడవాలి. వారం రోజులుగా స్టాప్‌వాచ్ పట్టుకుని దాటినవాళ్లందరి వేగం రాశారు. సగటు అంతకంటే కాస్త ఎక్కువే వచ్చింది. సరిపోతోందని రాసేద్దామని నిన్ననే అనుకున్నాం. నేనూ సరేనన్నాను.

ఈ రోజు, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని అబ్బాయి ఒకడు లేచి నిలబడ్డాడు. "మా నానమ్మ మన పట్టికలో లేదు టీచర్."

"ఆవిడ దాటినప్పుడు రాయలేదా?"

"అసలు దాటదు. భయం. అంచు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతుంది."

ఎవరూ మాట్లాడలేదు. మేం కొలిచినవాళ్లంతా దాటగలిగినవాళ్లే. సెకనుకి 0.9 మీటర్లు నడిచే మనిషైతే 15 సెకన్లలో పదమూడున్నర మీటర్లు వస్తుంది. ఇంకా నాలుగున్నర మీటర్లు ఉండగానే బళ్లు కదులుతాయి. ఈ లెక్క బోర్డు మీద వేసింది నేను కాదు, ఆ అబ్బాయే. సుద్దముక్క గట్టిగా నొక్కి రాశాడు, మధ్యలో ఒకసారి విరిగింది కూడా.

గంట కొట్టాక ఇద్దరు పిల్లలు పట్టిక కాగితం తిరగేసి స్కేలు పెట్టి కొత్త గడి గీశారు. పైన ఏమని రాయాలో కాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి "దాటకుండా వెనక్కి వెళ్లినవాళ్లు" అని రాశారు. రేపు పొద్దున్న ఏడున్నరకే వస్తామన్నారు. నానమ్మ గుడికి వెళ్లాలని అంచు దాకా వచ్చేది ఆ టైముకేనట.