శివారులో ఇల్లు ఎందుకు చవకో తెలిశాకే కొనాలి

ఉద్యోగం కోసమో, పిల్లల చదువు కోసమో ఊరు మారిన కుటుంబం మొదట నగరం మధ్యలో ఇళ్ల ధరలు కనుక్కుంటుంది, అవి అందవని తేలాక శివార్ల వైపు చూస్తుంది. ఉద్యోగరీత్యా ఒకటికంటే ఎక్కువ నగరాలలో కాపురం పెట్టి, సొంత ఇంటి కోసం శివార్లన్నీ తిరిగినదాన్ని కనుక ఈ విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. ఒక శివారులో ఇళ్లు చవకగా ఉన్నాయని తెలిస్తే మనకు సగం సంగతే తెలిసినట్టు. ఎందుకు చవకగా ఉన్నాయో తెలిసేదాకా అక్కడ బయానా ఇవ్వకూడదు. ఆ కారణం మన కుటుంబానికి అడ్డం కానిదైతే ఆ తగ్గింపు పూర్తిగా మనకు దక్కుతుంది. అడ్డమయ్యేదైతే కొన్న రోజున మిగిలిందనుకున్న డబ్బును ఆ తర్వాత నెలనెలా మనమే వేరే రూపంలో కడుతూ పోతాం.

అన్నిటికంటే మామూలు కారణం దూరం. నగర కేంద్రం చుట్టూ ఐదు కిలోమీటర్ల లోపల ఉండే నేలతో పోలిస్తే పది కిలోమీటర్ల లోపల ఉండే నేల నాలుగు రెట్లు, ఇరవై కిలోమీటర్ల లోపల ఉండేది పదహారు రెట్లు. కాబట్టి బయటికి వెళ్లేకొద్దీ స్థలానికి కొరత వేగంగా తగ్గుతుంది. అదే సమయంలో రోజువారీ ప్రయాణం బరువెక్కుతుంది కనుక అక్కడి స్థలానికి జనం ఇవ్వదలచుకున్న ధర కూడా తగ్గుతుంది. ప్రయాణపు ఖర్చుకూ స్థలం ధరకూ ఉన్న ఈ సంబంధాన్ని ఆర్థికవేత్త విలియం అలోన్సో 1964లో ఆర్థికశాస్త్ర పద్ధతిలో వివరించారు. ఇల్లు కొనేవాళ్లకు దానివల్ల అర్థం కావలసింది ఏమిటంటే, దూరపు ఇంటి ధరలో కనిపించే తగ్గింపు చాలావరకు మనం ముందుముందు పడబోయే ప్రయాణానికి పరిహారం మాత్రమే. ఆ పరిహారం మన ప్రయాణానికి సరిపోతుందా లేదా అన్నది ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాలి.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. తొమ్మిది శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గడువుతో తీసుకున్న అప్పులో ప్రతి లక్షకూ నెలవాయిదా దాదాపు 900 పడుతుంది. కరెన్సీ ఏదైనా ఈ నిష్పత్తి మారదు. దూరపు శివారుకు వెళ్లడం వల్ల ఇంధనం, రెండో వాహనం, దాని బీమా, మరమ్మతులు, పార్కింగ్ అన్నీ కలిసి నెలకు 9,000 అదనంగా ఖర్చవుతుంటే, ఆ సొమ్ముతో మరో పది లక్షల అప్పు తీర్చవచ్చు. అంటే దగ్గరి ఇంటికీ దూరపు ఇంటికీ ధరలో తేడా పది లక్షలకు తక్కువైతే దూరపు ఇల్లే మనకు ఖరీదు పడుతోంది. పైగా వాయిదాగా కట్టిన డబ్బులో కొంత ఆస్తిగా నిలుస్తుంది, ఇరవై ఏళ్లకు ఆ వాయిదా ఆగిపోతుంది. ఇంధనానికి పోసిన డబ్బుకు ఆ రెండు గుణాలూ లేవు. షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ 2006 నుంచి ఈ రెండు ఖర్చులనూ విడదీయకుండా కలిపి లెక్కగడుతోంది. ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటకూడదన్న పాత కొలతకు బదులు, ఇల్లూ ప్రయాణమూ కలిపి 45 శాతం దాటకూడదన్నది వాళ్ల కొలత. బ్యాంకు మనకు ఎంత అప్పు ఇస్తుందో చెప్పేటప్పుడు ఈ రెండో ఖర్చును సాధారణంగా పట్టించుకోదు కనుక ఈ కొలతను నేను ముఖ్యమైనదిగా భావిస్తాను.

డబ్బు లెక్క తేలినా కాలం లెక్క మిగిలే ఉంటుంది. వెళ్లేటప్పుడు అరగంట, వచ్చేటప్పుడు అరగంట అదనంగా పడితే, ఏడాదికి 240 పనిదినాల చొప్పున అది 240 గంటలు, అంటే ఎనిమిది గంటల పనిదినాలు ముప్పై. ఇటలీ భౌతికశాస్త్రవేత్త చెజారే మార్చెట్టి 1994లో రాసిన వ్యాసంలో, ఊళ్లు, వాహనాలు, కాలాలు మారినా మనుషులు రోజు మొత్తం మీద ప్రయాణానికి వెచ్చించేది సగటున గంట దగ్గరే నిలుస్తోందని చూపారు. జర్మనీ కుటుంబాల సమాచారాన్ని పరిశీలించిన స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రే మరో సంగతి గమనించారు. ఎక్కువసేపు ప్రయాణించేవాళ్లు మంచి జీతం కోసమో మంచి ఇంటి కోసమో ఆ కష్టాన్ని ఒప్పుకుని ఉంటారని మనం అనుకుంటాం కానీ, జీవితంతో వాళ్లకున్న తృప్తి మాత్రం తక్కువగానే ఉంది, దొరికిన లాభం ఆ లోటును పూడ్చలేదు. ఈ మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. అదనపు పడకగదికి కొన్నాళ్లలోనే అలవాటుపడిపోతాం, ఎప్పుడు తెమిలేదీ తెలియని ట్రాఫిక్‌కు అలవాటుపడలేం. అందుకే ఇల్లు చూపించేవాళ్లు చెప్పే నిమిషాలను నమ్మకుండా, పనిదినం నాడు మనం నిజంగా బయలుదేరే వేళకే ఆ ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు దాకా వెళ్లి, సాయంత్రం అదే దారిలో తిరిగి రావాలి. ఆదివారం మధ్యాహ్నం చేసిన ప్రయాణం దేనికీ రుజువు కాదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఇద్దరి దారులూ చూడాలి. ఒకరికి సుఖంగా ఉన్న శివారు రెండోవారి రోజును తినేస్తుంటే, కొన్నేళ్లలో ఆ రెండోవారి ఉద్యోగమే ఆగిపోవడం నేను దగ్గరివాళ్ల ఇళ్లలో చూశాను.

దూరం కాకుండా వేరే కారణంతో చవకైన చోట్ల మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే దూరం మ్యాపులో కనిపిస్తుంది, మిగతావి కనిపించవు. ఒకసారి ఒక వీధిలో ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు, చుట్టుపక్కల ఇళ్ల ధరలతో పోలిస్తే అది ఎందుకంత తక్కువకు వస్తోందో ఎవరూ సరిగా చెప్పలేదు. వీధిలో వరుసగా ఉన్న కాంపౌండ్ గోడలన్నిటికీ మోకాలి ఎత్తున, ఒకే మట్టంలో, సన్నని మట్టిరంగు చార ఉంది. అమ్మకానికి పెట్టిన ఇంటి గోడకు మాత్రం ఆ చార లేదు. కింది భాగం కొత్త రంగుతో మెరుస్తోంది, పై భాగం ఎండకు వెలిసిపోయి ఉంది. కరెంటు మీటరు పెట్టె తల ఎత్తున బిగించి ఉంది, దాని కింద నడుము ఎత్తున పాత పెట్టె తాలూకు స్క్రూ రంధ్రాలు నాలుగు అలాగే ఉన్నాయి. పక్కింటి గేటు దగ్గర నిలబడిన పెద్దావిడను, “వానాకాలంలో ఇక్కడిదాకా నీళ్లొస్తాయాండీ?” అని అడిగితే, “వస్తాయమ్మా, ఒక్కరోజులో తీసేస్తాయిలే” అని ఎంతో మామూలుగా చెప్పారు. ఆమెకు అది ఏళ్లుగా అలవాటైన సంగతి. నాకు ఆ ధర వెనుక కారణం అక్కడే దొరికింది.

వరద గురించి వాడే లెక్కలు కూడా వినేవాళ్లను పొరపాటు పడేస్తాయి. “వందేళ్లకోసారి వచ్చే వరద” అంటే ఈ ఏడాది వస్తే మళ్లీ వందేళ్లదాకా రాదని కాదు, ఏ సంవత్సరంలోనైనా అది వచ్చే అవకాశం ఒక శాతం ఉందని అర్థం. ముప్పై ఏళ్ల అప్పు గడువులో అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం, నాలుగింట ఒక వంతు కంటే ఎక్కువ. నీళ్లు ఎక్కువై వచ్చే ఇబ్బంది ఇలాంటిదైతే, తక్కువై వచ్చేది వేసవిలో బయటపడుతుంది. తాగునీటి పైపు వీధి దాకా వచ్చిందా, అందులో రోజూ నీళ్లొస్తాయా, మురుగు ఎక్కడికి పోతుంది అన్నవి ఇంటి లోపలి టైల్స్ కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్నలు. వంటగదిని ఎప్పుడైనా మన ఖర్చుతో మార్చుకోవచ్చు. వీధి మట్టాన్ని, మురుగు పారే దిక్కును ఒక్క కుటుంబం మార్చలేదు.

కొన్ని శివార్లను రేపటి రైలు పేరుతో అమ్ముతారు. కొత్త రైలు మార్గం, కొత్త రహదారి, కొత్త ఆసుపత్రి వస్తాయన్న మాట బయటికి రాగానే ధరలో చేరిపోతుంది, కాబట్టి ఇంకా కట్టని స్టేషన్‌కు కూడా కొనేవాళ్లు ముందే సొమ్ము చెల్లిస్తారు. ఇలాంటి చోట అద్దెలు మంచి సాక్ష్యం. అద్దెకు ఉండేవాళ్లు ఈ నెల అక్కడ బతకడానికి ఎంత విలువ ఉందో అంతే ఇస్తారు, రేపటి ఆశకు ఒక్క పైసా ఇవ్వరు. ఒక శివారులో ఇళ్ల ధరతో పోలిస్తే అద్దె, పక్క శివార్లకంటే బాగా తక్కువగా ఉంటే, ఆ ధరలో పెద్ద భాగం ఆశేనని నేను అనుకుంటాను.

పాతకాలపు చెడ్డపేరు వల్ల చవకైన శివారు సంగతి వేరు. ఒకప్పుడు అక్కడ ఫ్యాక్టరీ పొగ ఉండేదనో, గొడవలు జరిగేవనో వచ్చిన పేరు, ఆ పరిస్థితి పోయిన తర్వాత కూడా చాలా ఏళ్లు నిలిచి ఉంటుంది. బయటినుంచి వచ్చినవాళ్లకు ఆ పాత అభిప్రాయం ఉండదు కాబట్టి, నా దృష్టిలో కొత్తవాళ్లకు దొరికే నిజమైన చవక ఇదే. అయితే అది పేరు మాత్రమేనా, ఇప్పటికీ నిజమా అన్నది తేల్చుకోవాలి. అక్కడ ఎన్నడూ ఉండనివాళ్ల అభిప్రాయాన్ని పక్కనపెట్టి, అక్కడే అద్దెకు ఉంటున్నవాళ్లను అడగాలి. చీకటి పడ్డాక ఆ వీధుల్లో నడవాలి. ఆడవాళ్లు, పిల్లలు ఎంత పొద్దుపోయేదాకా బయట కనిపిస్తారన్నది నేను తప్పకుండా చూస్తాను.

ఇవన్నీ తెలుసుకోవడానికి వ్యవధి కావాలి, ఊరు మారేవాళ్లకు లేనిది అదే. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో అపార్ట్‌మెంట్ భవనాల కొనుగోళ్లను పరిశీలించిన ఒక అధ్యయనం, వేరే రాష్ట్రాలనుంచి వచ్చి కొన్నవాళ్లు స్థానికులకంటే ఎక్కువ ధర పెట్టారని 2004లో చూపింది. ఉరి సైమన్‌సోన్, జార్జ్ లోవెన్‌స్టైన్ 2006లో ప్రచురించిన పరిశోధన ఇంకా సూటిగా మనకు తగులుతుంది. ఖరీదైన నగరంనుంచి వచ్చినవాళ్లు కొత్త నగరంలో మొదట ఎక్కువ అద్దె ఇంట్లో దిగుతారని, అదే నగరంలో మళ్లీ ఇల్లు మారేటప్పటికి అక్కడి ధరలకు తగ్గట్టు ఖర్చు సర్దుకుంటారని వాళ్లు గమనించారు. పాత ఊరి ధరలు తలలో ఉన్నంతకాలం కొత్త ఊళ్లో ప్రతిదీ చవకగానో ఖరీదుగానో తోస్తుంది. అద్దె ఇల్లయితే ఏడాదిలో ఆ తేడా దిద్దుకోవచ్చు, కొన్న ఇల్లయితే దిద్దుకోవడం కష్టం. అందుచేత కొత్త నగరంలో దిగీ దిగగానే కొనవద్దని, కొనాలనుకున్న శివారులోనే కనీసం ఒక వానాకాలం, ఒక వేసవి గడిచేదాకా అద్దెకు ఉండమని నేను అడిగినవాళ్లందరికీ చెబుతాను. ధరలు ఈలోగా పెరిగిపోతాయన్న భయం న్యాయమైనదే. అయినా ఏడాదిలో పెరిగే ధరకంటే, నచ్చని చోట కొని మళ్లీ అమ్ముకోవడంలో రిజిస్ట్రేషన్, పన్నులు, బ్రోకరు కమిషన్ కింద పోయేది ఎక్కువయ్యే అవకాశమే నాకు కనిపిస్తుంది.

అమ్మే సంగతి కొనేరోజే ఆలోచించాలి, ఎందుకంటే ఒకసారి మన ఊరు మార్చిన ఉద్యోగం మళ్లీ మార్చవచ్చు. చుట్టూ ఖాళీ స్థలాలు విస్తారంగా ఉండి, ఏటా వందల కొత్త ఇళ్లు లేచే శివారులో మన పాత ఇల్లు సరికొత్త ఇళ్లతో పోటీపడాలి. ఒకే పెద్ద సంస్థ మీద ఆధారపడిన శివారులో ఆ సంస్థ తడబడితే అందరూ ఒకేసారి అమ్మకానికి వస్తారు. అందుకే నేను ఒక శివారును ఖాయం చేసుకునే ముందు అక్కడ అమ్మకానికి పెట్టిన ఇళ్ల జాబితా రాసి పెట్టుకుని, కొన్ని నెలల తర్వాత వాటిలో ఏవి అమ్ముడుపోయాయో, ఏవి ఇంకా అలాగే ఉన్నాయో, ఏ ఇంటి ధర తగ్గించారో మళ్లీ చూస్తాను. అమ్ముడుపోని ఇంటి యజమానులను కలిసి కారణం అడిగితే, కొనేవాళ్లు వచ్చి ఏం చూసి వెనక్కి వెళ్లిపోతున్నారో చాలామంది దాచకుండానే చెబుతారు.