80 దాటితే కారులో గుంయ్‌మనే సౌండ్: టైరా, బేరింగా?

కారు 60లో ఉన్నంతసేపు ఏమీ ఉండదు, 80 దాటగానే కింద నుంచి గుంయ్‌మని మొదలవుతుంది, వందకి వచ్చేసరికి వెనక సీట్లో వాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే. సిటీ ట్రాఫిక్‌లో తిరిగినన్నాళ్లూ ఇది బయటపడదు, హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కితేనో విజయవాడ హైవే మీదకి వెళ్తేనో తెలుస్తుంది. మా కారుకి ఈమధ్య ఇదే వచ్చింది. టైర్ల షాపాయన కారు చుట్టూ ఒక రౌండ్ తిరిగి "నాలుగూ మార్చేయండి సార్" అన్నాడు, ఇంకో షెడ్డాయన ఫోన్లో వినే "బేరింగులు పోయినయ్ సార్, నాలుగూ వేసేద్దాం" అన్నాడు. (బేరింగ్ అంటే చక్రం రాపిడి లేకుండా తిరగడానికి దాని మధ్యలో ఉండే గుండ్ల రింగు.) ఇద్దరిలో ఒక్కరు కూడా బండి నడిపి చూడలేదు. నాకు మండేది అక్కడే, ఎందుకంటే ఈ సౌండ్ ఎక్కణ్ణుంచి వస్తుందో చాలావరకు పైసా ఖర్చు లేకుండా మనమే తేల్చుకోవచ్చు.

ముందు ఇంజిన్ సంగతి తేల్చాలి. రోడ్డు ఖాళీగా ఉన్న చోట సౌండ్ వచ్చే స్పీడ్‌కి వెళ్లి, యాక్సిలరేటర్ వదిలేసి క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి (ఇంజిన్ మాత్రం ఆపొద్దు, స్టీరింగూ బ్రేకూ గట్టిపడిపోతాయి). ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పడిపోయినా సౌండ్ అలాగే ఉండి, బండి స్లో అయ్యేకొద్దీ అదీ తగ్గిందంటే అది చక్రాలతో తిరిగే దేనిదో. ఇంజిన్ జోలికి పోనక్కర్లేదు.

ఇక మిగిలింది టైరా బేరింగా అన్న గొడవే. అసలు కన్‌ఫ్యూజన్ అంతా ఇక్కడే, రెండూ విండానికి దాదాపు ఒకేలా ఉంటాయి. నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది రోడ్డుని. కొత్తగా తారు వేసిన నున్నటి రోడ్డు మీద నుంచి గరుకు రోడ్డు మీదకో సిమెంట్ రోడ్డు మీదకో వెళ్లినప్పుడు సౌండ్ తీరు మారిపోతే టైర్‌ని అనుమానించాలి, రోడ్డు ఏదైనా అదే గుంయ్, స్పీడ్‌ని బట్టి తప్ప మారట్లేదంటే బేరింగ్ అయ్యే ఛాన్స్ ఎక్కువ. తర్వాత టైర్ గుండీల (రోడ్డుకి ఆనే రబ్బరు దిమ్మల) మీద అరచెయ్యి పెట్టి ఒకసారి ముందుకి ఒకసారి వెనక్కి నిమరండి. ఒకవైపు నున్నగా వెళ్లి రెండోవైపు రంపం పళ్లలా గుచ్చుకుంటే ఆ టైర్ అరిగిన తీరు బాలేదు, అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణం) తప్పినా షాకబ్జార్బర్ వీకైనా అలా అరుగుతుంది. అనుమానం ఉంటే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. సౌండ్ కూడా చోటు మారితే అది టైర్‌దే.

మా వెనక టైర్లకి కొంచెం రంపం పళ్లు ఉన్న మాట నిజమే, కానీ టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వేసినా సౌండ్ డ్రైవర్ కాళ్ల దగ్గరే ఉండిపోయింది. అప్పుడు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి చూశాను. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది, సరిగ్గా అప్పుడే సౌండ్ పెరిగింది, కుడికి తిప్పితే తగ్గింది. అంటే కుడివైపు బేరింగ్ మీద డౌట్. ఇది వందకి వంద నమ్మే టెస్ట్ కాదు, కొన్ని బేరింగులు దీనికి ఉల్టాగా కూడా చెప్తాయి, అందుకే జాకీ వేసి కూడా చూడాలి. వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, కారు కింద స్టాండ్ పెట్టి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, ఒక చేత్తో సస్పెన్షన్ స్ప్రింగ్ పట్టుకుని రెండో చేత్తో చక్రం తిప్పండి. ఎడమవైపు స్ప్రింగ్‌లో ఏమీ తెలియలేదు. కుడివైపు వేళ్లకి సన్నగా జరజరమని తగిలింది, చెవికి వినిపించనిది కూడా చేతికి తెలిసిపోతుంది. చాలామంది మెకానిక్‌లు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి "ప్లే లేదు సార్, బేరింగ్ బానే ఉంది" అంటారు. ప్లే (వదులు) వచ్చిందంటే బేరింగ్ బాగా ముదిరిపోయినట్టు, సౌండ్ దానికి చాలా ముందే మొదలవుతుంది.

ఇంకో మాట కూడా వింటుంటాం, "ఒకసారి ఊడదీసి చూద్దాం సార్, బాగుంటే మళ్లీ అదే వేద్దాం" అని. నకిల్‌లోకి (హబ్‌నీ బేరింగ్‌నీ పట్టి ఉంచే ఇనప భాగంలోకి) ప్రెస్ చేసి ఉండే బేరింగ్ అయితే దయచేసి ఒప్పుకోకండి. హబ్ (చక్రం బిగించే భాగం) బయటికి లాగేటప్పుడే బేరింగ్ విడిపోతుంది, లోపలి రేస్ (గుండ్లు దొర్లే రింగ్) సగం హబ్‌కే పట్టుకుని వచ్చేస్తుంది, అది మళ్లీ వాడకూడదు. అందుకే విప్పకముందే గ్యారంటీగా తేల్చుకోవాలి.

పార్ట్ నంబర్ చూసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బిల్లుతో బేరింగ్ కొన్నాను. ఫిట్టింగ్ దగ్గర మాత్రం నేను పక్కనే నిలబడ్డాను, ఎందుకంటే సుత్తితో కొట్టి ఎక్కిస్తే కొత్త బేరింగ్ ఆ దెబ్బకే లోపల గుంటలు పడి కొన్నాళ్లకే మళ్లీ మోగుతుంది. "అన్నా, ప్రెస్ మీదే చేయించు, లేటైనా పర్లేదు" అంటే మెకానిక్కే నకిల్ తీసుకుని లేత్ షాపుకి వెళ్లాడు. నకిల్‌లోకి ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి రింగ్ మీదే పడాలి, తర్వాత హబ్ దింపేటప్పుడు కింద లోపలి రింగ్‌కి సపోర్ట్ ఉండాలి. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న కార్లలో చాలా బేరింగులకి ఒకవైపు సీల్‌లోనే అయస్కాంతం ఉంటుంది, ఆ వైపు చక్రం వేగం చూసే సెన్సార్ వైపుకే రావాలి, తిరగేసి ఎక్కిస్తే మళ్లీ మొత్తం విప్పుకోవాల్సిందే.

పాత బేరింగ్ విప్పి చూస్తే గ్రీజ్ కాఫీ రంగులోకి తిరిగి ఉంది, తుడిచాక రేస్ మీద ఒకచోట పైపొర లేచిపోయి చిన్న గుంట, గోరు పెడితే ఆగుతోంది. వానాకాలంలో రోడ్ల మీద నిలిచిన నీళ్లలో తిరిగితే సీల్ దాటి నీళ్లు వెళ్తాయి, ఆ పైన మన గుంతలు ఎలాగూ ఉన్నాయి.

మర్నాడు ఓఆర్ఆర్ మీద వందలో వెళ్తే ఆ గుంయ్ లేదు. గరుకు రోడ్డు మీద సన్నగా టైర్ సౌండ్ ఇంకా ఉంది, అది ఆ రంపం పళ్లది, ఆ టైర్లు అరిగాక మారుస్తాను. షెడ్డు వాళ్లు చెప్పకపోయినా వీల్ అలైన్‌మెంట్ మాత్రం చేయించాను, నకిల్‌ని స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసిన భాగం) నుంచి విప్పి బిగించాక క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) కదిలే అవకాశం ఉంటుంది కాబట్టి. హబ్ నట్ కొత్తదే వేయించండి, దాన్ని ఎయిర్ గన్‌తో కాకుండా ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్నంత బిగించమనండి, అది బిగించేదాకా కారు బరువు ఆ చక్రం మీదకి దించనివ్వకండి.