మీరు మొక్కేవాళ్ళు కదా!

"మీ దేశంలో కోతిని దేవుడిగా కొలుస్తారట, మరి నువ్వీ పని ఎలా చేస్తున్నావు?" అని లంచ్ టేబుల్ దగ్గర ఒక అమెరికన్ సహోద్యోగి అడిగాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

నేను చేసేది గర్భంతో ఉన్న రీసస్ కోతుల హార్మోన్లు కొలవడం. ఎక్కువగా మలంతోనే పని. ఆరబెట్టి, పొడి చేసి, ఆల్కహాల్‌తో హార్మోన్ తీస్తాం. ఈరోజు మలంలో కనబడేది ఒకటి రెండు రోజుల కిందట రక్తంలో ఉన్నది. ఇలా చేస్తే కోతిని పట్టుకునే పని ఉండదు, దానికి టెన్షన్ ఉండదు.

ఇవి సుమారు 165 రోజులు మోస్తాయి. మనుషుల్లో ప్రెగ్నెన్సీ టెస్టులో కనబడే హార్మోన్ కాన్పు దాకా ఉంటుంది. వీటిలో దాదాపు 40 రోజులకే కనుమరుగవుతుంది. అంటే అన్నీ మనలాగే ఉండవు. కానీ ఒక్క విషయం చాలా ముఖ్యం. గొర్రెలోనూ ఎలుకలోనూ కాన్పుకు ముందు రక్తంలో ప్రొజెస్టిరాన్ (గర్భాన్ని నిలిపి ఉంచే హార్మోన్) పడిపోతుంది. ఆడవాళ్ళలో అలా పడిపోదు, ఈ కోతుల్లోనూ పడిపోదు. నెలలు నిండకుండా నొప్పులెందుకు వస్తాయో తెలుసుకోవడానికి గొర్రెల మీదో ఎలుకల మీదో పరిశోధన చేస్తే సరిపోదు. నేనీ పనిలో ఉన్నది అందుకే.

ఇక దేవుడి సంగతి. ఇక్కడి రికార్డుల్లో చాలా కోతుల పక్కన 'ఇండియన్ ఆరిజిన్' అని ఉంటుంది. 1950ల్లో పోలియో టీకా కోసం మన దేశం నుంచి లెక్కలేనన్ని కోతులను ఇక్కడికి తెచ్చుకున్నారు. తర్వాత వాటిని సైనిక రేడియేషన్ పరీక్షలకు వాడుతున్నారని తెలిసి, 1978లో మనవాళ్ళు ఎగుమతే ఆపేశారు. ఇవి ఆ పాతవాటి సంతానం. తెచ్చుకున్న దేశంవాడు, వద్దన్న దేశంవాళ్ళను సంజాయిషీ అడగడమేంటి?

అలాగని మన దగ్గర అంతా భక్తే అనను. మా ఊళ్ళో మక్కచేను కోతులు మిగల్చడం లేదు. కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే కేంద్రం 2020లో నిర్మల్‌లో పెట్టారు. చేనుకు కాపలా కాసే మా అమ్మే మంగళవారం గుడికీ పోతుంది.

ఆమెకు నా పనేంటో చెప్తే ఒక్కటే అడిగింది: "కడుపుతో ఉన్నదాన్ని సూదులతో పొడుస్తరా బిడ్డా?" చాలావరకు అవసరం ఉండదమ్మా అన్నాను. తప్పనప్పుడు మత్తిచ్చి రక్తం తీస్తామని కూడా చెప్పాను.